పైన పొడి, అడుగున తడి

మెకానిక్ షెడ్డులో ఇంజన్ నూనె ఒలికితే మా బావ కొత్త గుడ్డ కూడా కొననివ్వడు, అంత పిసినారి. వడ్రంగి ఊరికే ఇచ్చే రంపపు పొట్టు చల్లి, రాత్రంతా పీల్చుకోనిచ్చి, పొద్దున్నే ఊడ్చెయ్యమంటాడు.

ఈ మధ్య ఓ మూల బండి నిలపకపోయినా రోజూ మరక పడుతోంది. బావే రాత్రిళ్లు వచ్చి రిపేరుకొచ్చిన బండ్లలోంచి దొంగచాటుగా నూనె తోడి అమ్ముకుంటున్నాడని నా అనుమానం. అక్క మొగుడని ఇన్నాళ్లూ ఊరుకున్నాను గానీ, ఇక పట్టుకుందామని ఆ రాత్రి ఆ మూల పొడి నేల మీద కొత్త పొట్టు పరిచి, లైటు ఆర్పేసి పాత టైర్ల వెనక కూర్చున్నాను.

ఎవరూ రాలేదు. కానీ ఎలుక పాకినంత మెల్లగా పొట్టు కదిలిన చప్పుడైంది. వెళ్లి తడిమాను. పైన పొడిగానే ఉంది. వేళ్లు లోపలికి దూర్చితే అడుగున తడి, అప్పుడే ఆపిన ఇంజన్‌లోంచి తీసినంత వెచ్చగా. పైనుంచి ఒలికిన నూనె ముందు పైపొట్టునే కదా తడపాలి!

ఒకప్పుడు అక్కడ బండ్ల కిందికి దిగి పనిచేసే గుంత ఉండేది. "గుడ్డ అందించవయ్యా" అంటూ పెద్దమేస్త్రి అందులోంచి చెయ్యి చాపేవాడు. ఆయన చెప్పాపెట్టకుండా పని మానేశాడని బావ మాకు చెప్పిన వారంలోనే ఆ గుంతను తనే స్వయంగా సిమెంటుతో పూడ్చేశాడు.

షట్టర్ పైకి లేచింది. భుజాన పొట్టు బస్తాతో బావ లోపలికొచ్చాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"బావా, ఇది కిందనుంచి వస్తోంది," అన్నాను.

"ష్... మెల్లగా, బామ్మర్దీ," అన్నాడు బస్తా దించుతూ. "మనం ఉన్నామని తెలిస్తే గుడ్డ అడుగుతాడు."