పదిహేడో నెంబరు

గట్టయ్య మొండికేసిండు.

సర్వర్ రూముల కొత్తగ దిగిన ఎనిమిది సర్వర్లకు నెంబరు చీటీలు అతికించుమంటే, పదమూడు నుంచి పదహారు దాకా బుద్ధిమంతుని లెక్క అతికించి, ఆ పక్కదానికి పద్దెనిమిది పెట్టిండు.

"పదిహేడేది?" అని అడిగిండు విద్యాధర్ సారు.

"అది వద్దు సార్."

"ఎందుకొద్దు?"

గట్టయ్య పందొమ్మిదో చీటీకి గమ్ము రాసుడు మొదలు పెట్టిండు. ఇంకో ఇరవై రోజులైతే రిటైరయ్యే అటెండరు. గీ వయసుల గీ పంచాయితీ ఏందో ఎవ్వరికీ సమజ్ కాలే.

తమాషా ఏందంటే, నెంబర్ల ఉపాయం చెప్పిందే ఆయన. విద్యాధర్ సారు కరీంనగర్ నుంచి బెల్లంపల్లి బొగ్గుబాయి ఆఫీసుకు కొత్తగ వచ్చినప్పుడు సర్వర్లకు నదుల పేర్లు పెట్టిండు. "గోదావరి ఆగిపోయింది సార్" అని ఫోన్లు వస్తుంటే అందరు పడి పడి నవ్విండ్రు. తర్వాత దేవుళ్ల పేర్లు పెట్టిండు. ఒకనాడు ఎవరో "హనుమంతుడు పడిపోయిండు, జర లేపుండ్రి" అంటే హెడ్‌క్లర్కు లొల్లి లొల్లి చేసిండు. అప్పుడు చాయ్ తెచ్చిన గట్టయ్య అన్నడు.

"పేర్లెందుకు సార్, నెంబర్లు పెట్టుండ్రి. నేను ల్యాంపు రూముల ఇరవై ఏండ్లు చేసిన. బాయిల దిగేటోనికి నెత్తికి పెట్టుకునే లైటు ఇస్తుంటి. ఆ లైటు నెంబరే ఆ మనిషి పేరు. ఎక్కి వచ్చినంక లైటు వాపసిస్తడు. అది వాపసొస్తేనే ఆ నెంబరు ఇంకొకనికి."

"మంచిగున్నది గద! మరి ఆ పని ఎందుకు ఇడిసిపెట్టినవు?"

"పన్నెండేండ్ల కింద నేనే దరఖాస్తు పెట్టుకున్న సార్. చాతగాలే."

అప్పుడున్నయి పన్నెండే సర్వర్లు. గట్టయ్య సంబురంగ తనే చీటీలు అతికించిండు. పాపం, ఇంకా వస్తయని ఆయనకేం తెలుసు.

ఆ నెంబర్లను రోజూ పొద్దుగాల చదివేది భూమిక. ఇరవై రెండేండ్ల పిల్ల. ఏడాది కింద కొలువుల చేరిన నాడు చెయ్యి పట్టి తోలుకొచ్చి కుర్చీల కూసోబెట్టింది గట్టయ్యనే. ఒక్కో నెంబరు పైకి చదువుతది. ఆ సర్వరు పలుకుతదో లేదో చూస్తది. రిజిస్టర్ల టిక్కు పెడుతది. "ఒకటి, ఉన్నది. రెండు, ఉన్నది." గొంతు గల్లున మోగుతది. మొదటి చాయ్ ఎప్పుడూ ఆ పిల్లకే.

"పదమూడుకు భయపడేటోళ్లను చూసిన తాత," అన్నది భూమిక. "పదిహేడుకు భయపడేటోన్ని నిన్నే చూస్తున్న."

అందరు నవ్విండ్రు. గట్టయ్య నవ్వలే.

"పొద్దుగాల అన్నీ పైకే చదువాల్నా బిడ్డా? మనసుల చదువుకోరాదు?"

"మనసుల చదివితే ఎవరికి ఇనబడతది? నీకేమైంది ఇయ్యాల?"

ఆయన ఖాళీ గిలాసలు ఏరుకొని పోయిండు.

మర్నాడు సారే స్వయంగ పదిహేడు అతికించిండు. పగటీలికి అది లేదు. మళ్ల అతికించిండు. మళ్ల పోయింది. గట్టయ్య గోర్ల సందుల తెల్లకాయితం పొట్టు కనబడ్డది.

సారుకు ఒళ్లు మండింది. "సోమవారం హెడ్డాఫీసోళ్లు తనిఖీకి వస్తుండ్రు. నెంబరు తప్పితే నాకు గడ్డి పెడుతరు. కారణమన్న చెప్పు గట్టయ్యా, లేకుంటే మెమో ఇస్త."

భూమిక అక్కడనే నిలబడ్డది. గట్టయ్య ఆమె దిక్కు ఒకసారి చూసి, సారు ముంగట చెయ్యి చాపిండు.

"మెమోనే ఇయ్యుండ్రి సార్."

ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క మాట పడని మనిషి. సంతకం పెడుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయినా కారణం చెప్పలే. ఓ గిదేం మొండితనమో!

శనివారం సారు ఇంకో ఉపాయం చేసిండు.

"రిజిస్టరు భూమికది. సోమవారం నెంబరు లేకుంటే ఈసారి మెమో ఆ పిల్లకే. ఇంకా పర్మినెంటు కాలే. కొలువు ఉంటదో ఊడుతదో నువ్వే చూసుకో."

గట్టయ్య చొక్కా జేబుల నుంచి మడత పెట్టిన చీటీ తీసి భూమిక చేతుల పెట్టిండు. తను పీకిన పదిహేడే. పారేయక దాచుకున్నడు.

"నువ్వే పెట్టు బిడ్డా. నాకు చేతులు వస్తలేవు."

భూమిక మడత విప్పి, గమ్ము రాసి, అరచేత్తోని ఒత్తి అతికించింది. "చూసినవా తాత, ఏమన్న అయ్యిందా? ఉత్తగ పరేషాన్ అయినవు."

సోమవారం హెడ్డాఫీసోళ్ల ముంగట భూమిక ఎప్పటి లెక్కనే గల్లున చదివింది.

"పదిహేను, ఉన్నది. పదహారు, ఉన్నది. పదిహేడు, ఉన్నది."

తలుపు కాడ నిలబడ్డ గట్టయ్య గోడ దిక్కు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చిండు.

పన్నెండేండ్ల కింద, మొదటి షిఫ్టుల, గట్టయ్య చేతుల నుంచి పదిహేడో నెంబరు లైటు తీసుకొని బాయిల దిగి, ఇయ్యాల్టి దాకా దాన్ని వాపసు తెచ్చియ్యనోడు భూమిక వాళ్ల బాపు.