ఆ ఒక్క మంచం

మూడోసారి కూడా ఆ ఇంటి తలుపు సగమే తెరుచుకుంది.

“ఆ చిన్న మంచం తప్ప ఇల్లంతా మీ ఇష్టం అన్నయ్యా,” అంది ఆమె.

నల్లుల మందు కొట్టే మనిషికి ప్రాణం ఉసూరుమంది. భుజాన ట్యాంకు, చేతిలో ఆవిరి మిషను, పైగా యాభై దాటిన మోకాళ్లు. మూడంతస్తులు ఎక్కి వచ్చింది మళ్లీ ఈ మాట వినడానికే.

ఒకప్పుడు అతని పనికి పిలిచే దిక్కే లేదు. నల్లుల పీడ తాతల కాలంతోనే పోయిందనుకున్నారు అందరూ. ఇప్పుడు చూస్తే సినిమా హాలు సీట్లలో అవే, బస్సుల్లో అవే, ఆఖరికి చర్మం డాక్టరుగారి సోఫాలోనూ అవే. పాత మందులకు ఒక్కటీ లొంగడం లేదు. తను మందు కొడతానంటే పగలబడి నవ్వినవాళ్లే ఇప్పుడు అతని ఫోన్ నంబరు రాసి పెట్టుకుంటున్నారు.

ఈ భవనంలో పన్నెండు ఇళ్లు. రెండు నెలల కిందటిదాకా ఒక్క నల్లి లేదు. అప్పుడు ఈమె ఒంటరిగా అద్దెకు దిగింది. వెంట తెచ్చుకున్నది రెండు పెట్టెలు, ఒక స్టవ్వు, ఆ చెక్క మంచం, దాని పరుపు. వారం తిరిగేసరికి పక్కింటావిడ గోక్కోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి పన్నెండు ఇళ్లూ గోక్కుంటున్నాయి.

ఇప్పటికి రెండుసార్లు భవనమంతా మందు కొట్టాడు. పది రోజులకే మళ్లీ మొదలు. మొదలవదూ మరి, వాటి పుట్టిల్లు ఇక్కడ పదిలంగా ఉంటే.

“ఇవాళ సాయంత్రంలోగా ఆ మంచం సంగతి తేలకపోతే మిమ్మల్ని ఖాళీ చేయిస్తారటమ్మా. భవనం సెక్రటరీగారు కాగితం కూడా టైపు చేయించి పెట్టుకున్నారు. నల్లులు తెచ్చే మనిషని పేరు పడితే ఇంకెవరూ మీకు ఇల్లివ్వరు. ఎక్కడికెళ్తారు?”

“తెలీదు.”

కనీసం చూడనివ్వండని బతిమాలుకుని లోపలికి వెళ్లాడు. పరుపు అంచు ఎత్తి టార్చి వేశాడు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాడు, ఇన్ని నల్లుల్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. ఆమె మెడ మీద, చేతుల మీద వరసగా మూడేసి దద్దుర్లు. అయినా ఆమె గోక్కోవడం లేదు. అదే అతనికి మింగుడు పడలేదు.

“ఎవరిదమ్మా ఈ మంచం?”

“మావాడిది. ఎనిమిదేళ్లు.”

“హాస్టల్లో వేశారా?”

ఆమె పరుపు అంచు మళ్లీ కిందికి సర్దింది.

“ఇప్పుడు దీని మీద నేనే పడుకుంటున్నాను,” అంది.

నాలుగున్నర అడుగుల మంచం. నిలువెత్తు మనిషి కాళ్లు ముడుచుకుని ఎలా పడుకుంటోందో అతనికి అర్థం కాలేదు. ఆయన ఏరమ్మా అని అడగబోయి, మనకెందుకులే అని ఊరుకున్నాడు.

“ఇవి ఎన్నాళ్లు బతుకుతాయి అన్నయ్యా?” అని అడిగింది.

“మొండి ఘటాలమ్మా. ఒక్కసారి కడుపునిండా తాగాయంటే నెలల తరబడి అలాగే పడుంటాయి.”

“వాటి పిల్లలు?”

“తల్లి తాగిన రక్తంతోనే కదమ్మా గుడ్లు పెట్టేది.”

ఆమె ముఖం కాస్త తేటపడింది. ఈ కబురు విని సంతోషించిన మనిషిని అతను ఇంతవరకు చూడలేదు. పాపం, కష్టాలకు మతి చలించిందేమో అనుకున్నాడు.

కింద నుంచి సెక్రటరీ కేకేశాడు. “ఏమ్మా, ఒకసారి దిగి వచ్చి సంతకం పెట్టి వెళ్లు.”

ఆమె గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “మంచం ముట్టుకోరు కదూ?”

“ముట్టుకోనమ్మా.”

పనికి పిలిచినవాళ్లతో అతను అబద్ధమాడటం అదే మొదటిసారి. నా అన్నవాళ్లు లేని ఆడమనిషి, మొండిపట్టు పట్టి వీధిన పడబోతోంది. చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పలేదు. తనకూ ఆ ఈడు చెల్లెలుంది. సెక్రటరీగారు మాట మొదలుపెడితే గంటకు తక్కువ వదలరన్న సంగతీ తెలుసు.

మిషను ప్లగ్గు పెట్టాడు. పరుపు కుట్లు, మంచం పట్టెలు, మేకుల సందులు, ఏదీ వదలకుండా ఆవిరి పట్టించాడు. మందుకు లొంగని నల్లి ఉంటుంది గాని ఆవిరికి లొంగని నల్లి ఉండదు. అన్నీ ఉడికి రాలాయి. చీపురుతో ఊడ్చి సంచిలోకి ఎత్తి మూతి బిగించాడు. ఒళ్లంతా చెమటలు కారుతున్నా, చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశానన్న తృప్తి కలిగింది.

ఆమె చేతిలో కాగితంతో పైకి వచ్చింది.

“సంతకం పెట్టేశాను అన్నయ్యా. రేపు మంచం తీసుకుని వెళ్లిపోతాను,” అంటూనే గోడకు ఆనించి ఉన్న పరుపు చూసి ఆగిపోయింది.

“తిట్టుకుంటే తిట్టుకో చెల్లెమ్మా. ఇక నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. సెక్రటరీగారితో నేను మాట్లాడతాను. గుడ్లతో సహా పోయాయి.”

ఆమె మంచం మీద చెయ్యి వేసింది. చెక్క ఇంకా వేడిగా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఒక పట్టె సందులో వేలు పెట్టి వెతికింది. తర్వాత ఇంకో సందులో. అన్ని సందులూ అయ్యాక మళ్లీ మొదటి సందు దగ్గరికి వచ్చింది.

“ఒక్కటి కూడా లేదా?”

“ఒక్కటి కూడా లేదమ్మా.”

ఆమె ఏడవలేదు. మంచం పక్కనే నేల మీద చతికిలబడింది.

“మావాడు కన్నుమూసే రోజుదాకా దీని మీదే పడుకున్నాడు అన్నయ్యా, వాడి రక్తం ఆ నల్లుల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు,” అంది.