వంతెన మీద విరిగిన యాక్సిల్

"కింద అంత పనెందుకే? పైన రంగేయించి షోకి పెట్టుకుంటే చాలదా?" అన్నాడు పాపారాజు, రొయ్యల మేత షెడ్డు గుమ్మంలో నిలబడి.

పాత స్పోర్ట్స్ కారు కిందనుంచి అతని భార్య సూర్యావతి బయటికొచ్చింది. రొయ్యల చెరువుల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసిన చేతులు ఆమెవి. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు ముందే మార్చింది. ఇవాళ వెనక యాక్సిల్ కూడా కొత్తది బిగించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది.

"తాళమివ్వండి."

"మళ్ళీ విరగ్గొట్టడానికా?"

ముప్ఫయ్యేళ్ళ కిందట ఆమె ఆ కారు ఒక్కసారే నడిపింది. ఉండి ఊరి కాలవ వంతెన మీద యాక్సిల్ విరిగింది. అప్పట్నించీ కారు షెడ్డులోనే, తాళం పాపారాజు జేబులోనే ఉన్నాయి. "మా ఆవిడకి స్టీరింగిస్తే యాక్సిలే విరిచేసిందండి!" అని అతను ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాడు. చుట్టాలు పగలబడి నవ్వేవాళ్ళు.

సూర్యావతి ఆ విరిగిన ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. విరిగినచోట తుప్పు గీకేస్తే పాత వెల్డింగు బయటపడింది.

"నేను నడిపేనాటికే ఇది ఒకసారి విరిగి, అతికించి ఉందండి. నాకంటే ముందు ఈ కారు నడిపింది మీరొక్కరే."

పాపారాజు ఆ అతుకు మీద బొటనవేలితో రాసి చూశాడు.

"తాళమివ్వండి. రేపు పెళ్ళికి దీన్లోనే వెళ్దాం. ఈసారి ఆ కథ నేను చెప్తాను."