కొమ్ము దగ్గర జారిన గీత

"పశువులకి సూదులేసే డిగ్రీతో కళల ఎమ్మేలో సీటా, చెల్లెమ్మా?" అన్నాడు ప్రొఫెసర్ తెమిర్‌కుల్, అనీపా దరఖాస్తుని రెండు వేళ్లతో పక్కకి నెట్టి.

"కళల డిగ్రీ లేనివాళ్లకి పోర్ట్‌ఫోలియో చాలని మీ నోటీసులోనే ఉంది, అగై. పది చేతిపనులు అడిగారు. పది తెచ్చాను," అంది అనీపా. అగై అంటే వాళ్ల కిర్గిజ్ భాషలో గురువుగారూ అని.

నిజంగానే తెచ్చింది. ఫొటోలు కాదు, అదిమిన ఉన్నితో చేసిన పది షిర్దక్ తివాచీలు, నరీన్ నుంచి బిష్కెక్ దాకా వ్యాను టాపు మీద కట్టుకుని మరీ. ఈ సీటు వస్తేనే నరీన్ కళల బడిలో పిల్లలకి ఆ పని నేర్పే ఉద్యోగం ఆమెది. రాకపోతే రేపట్నుంచి మళ్లీ గొర్రెల గిట్టలే.

ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి ఒక్కో తివాచీని బూటు కొసతో విప్పుతూ పోయాడు.

"చేత్తో విప్పండి అగై," అంది అనీపా. "కాలు పెట్టేది కొనుక్కున్నాక."

కమిటీలో ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. ప్రొఫెసర్ మూతి బిగించి పదోదాన్ని వంగి చేత్తోనే విప్పాడు. విప్పి, అలాగే వెనక్కి తిరిగి గోడ వైపు చూశాడు. గోడకి వేలాడుతున్న పాత షిర్దక్ మీదా అవే పొట్టేలు కొమ్ముల ముగ్గులు. అక్కడ ఎరుపున్న చోట ఇక్కడ నలుపు, నలుపున్న చోట ఎరుపు. కుడివైపు చివరి కొమ్ము దగ్గర గీత కాస్త పక్కకి పోయింది, రెండింట్లోనూ.

దొంగ దొరికినంత సంబరపడ్డాడాయన. గోడమీదిది పందొమ్మిదో శతాబ్దంలో పేరు తెలియని ఒక మహాతల్లి చేసిందనీ, తన డాక్టరేట్ దానిమీదేననీ అందరికీ మరోసారి గుర్తు చేశాడు. ఆ పక్కకి పోయిన గీత తెగ పెద్దల మీద ఆమె ప్రకటించిన తిరుగుబాటట. ఆ ఒక్క గీత మీదే అరవై పేజీలు రాశాడట. దాన్ని ఈవిడ రంగులు మార్చి నకలు కొట్టుకొచ్చిందట.

అనీపా గోడకేసి చాలాసేపు చూసింది. ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది.

"నకలో కాదో తేలుద్దాం. దాన్ని కిందికి దించండి."

ఉల్‌కాన్ ఎజే, అంటే అందరికీ అక్క, లేచి దించింది. కమిటీలో ఉన్ని కోసిన చేతులు ఆ పెద్దావిడవి మాత్రమే. రెండింటినీ పక్కపక్కన పరిచి ప్రతి వంపు మీదా వేలు నడిపింది. షిర్దక్ చేసేవాళ్లు రెండు రంగుల ఉన్నిని ఒకదానిమీద ఒకటి వేసి కలిపి కోస్తారు. ఇందులోది అందులో, అందులోది ఇందులో పొదుగుతారు. ముక్క వృథా పోదు, ఎప్పుడూ రెండేసి పుడతాయి.

"ఒకే కత్తి, ఒకే కోత," అంది ఎజే. "ఇవి కవలలు."

ప్రొఫెసర్ మొహం ఇంకా వెలిగిపోయింది. "అయితే నకలు కూడా కాదన్నమాట. నూటయాభై ఏళ్ల నాటి ముత్తవ్వ పనిని తన పేరున పెట్టుకొచ్చింది." దరఖాస్తు మీద తిరస్కరించామని రాయడానికి పెన్ను తీశాడు. అంతటితో ఊరుకున్నాడా, గోడమీది షిర్దక్‌ని తిరగేసి, కింది మూల మురికి పట్టకుండా మిగిలిన అరచేయంత చోటు చూపించాడు. "ఇక్కడ తాయెత్తు కుట్టి ఉండేది. నా పుస్తకంలో దీనికో అధ్యాయమే ఉంది. మీ ముత్తవ్వ నీదానికీ కుట్టిందా?"

"కుట్టారు అగై. అమ్మేసినదానికి ఊడదీశాం, ఉంచుకున్నదానికి అలాగే ఉంది." అనీపా తన షిర్దక్‌ని తిరగేసింది. సరిగ్గా అదే మూల, అరచేయంత గుడ్డముక్క. "మీరే చదవండి. అందరికీ వినపడేలా."

ప్రొఫెసర్ వంగాడు. చూసి, గుడ్డముక్క మీద అరచెయ్యి కప్పాడు. ఉల్‌కాన్ ఎజే ఆయన్ని పక్కకి జరిపి, కళ్లజోడు సర్దుకుని తనే చదివింది:

"చేతిపని పరీక్ష, 1997. అనీపా, ఎనిమిదో తరగతి. కొమ్ము దగ్గర కత్తి జారింది. అయిదుకి మూడు మార్కులు."