ఉప్పుదొర మునిమనవడు

“ఉప్పుదొరకి పిల్లలెంతమంది?”

“ఆరుగురు.”

“ఇక్కడున్నది?”

“నలుగురు. ఒకమ్మాయి పడవ మునిగి చనిపోయింది. ఆఖరివాడు అలిగి వెళ్ళిపోయాడు. ఆయన మా ముత్తాత.”

“ముత్తాత కాదు, తాత! దొర మీకు ముత్తాత. రేపు ఇంజనీరు ముందు ఇలా వరసలు కలిపేస్తే మన పని గోవిందా,” అంది టీచరమ్మ.

గార్డుగారు నొచ్చుకున్నారు. “ఏం చెయ్యను టీచరమ్మా, ఇవన్నీ నాకు కొత్త.”

“చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మీకు చెప్పేవాళ్ళెవరు? అందుకే నేను చెబుతున్నాను. మళ్ళీ మొదట్నించీ రండి.”

ఇద్దరూ చర్చి పక్కన, సమాధుల మధ్య నిలబడి ఉన్నారు. పరాయి పాలనలో ఉప్పు పన్ను అధికారిగా వచ్చాడు దొర. పెద్దకూతురు జ్వరంతో పోతే ఆ పిల్ల పేరున ఈ చర్చి కట్టించాడు. తర్వాత పోయినవాళ్ళందరినీ ఆ పిల్ల పక్కనే వరసగా పడుకోబెట్టారు. ఆ రాళ్ళ వెనక, గోడవారగా మట్టిదిబ్బలు. అవి ఊరివాళ్ళవి. ఉప్పుమళ్ళలో పనిచేసి పోయినవాళ్ళకి రాళ్ళెవరు పెడతారు? టీచరమ్మ తల్లిదీ వాటిలో ఒకటి.

ఇప్పుడు కొత్త రోడ్డు ఈ స్థలం మీదుగానే గీశారు. దిబ్బల సంగతి ఎత్తితే ఇంజనీరు, “పేరులేని మట్టిని సమాధి అని ఎలా రాసుకోమంటారు?” అన్నాడు. దొర కుటుంబం వారసులెవరైనా వచ్చి అభ్యంతరం చెబితే మాత్రం రోడ్డు పక్కకి జరుపుతామన్నాడు.

అప్పట్నించి టీచరమ్మ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. చర్చి పుస్తకాలు ఎప్పుడో చెదలు చదివేశాయి. రాళ్ళమీద అరిగిన అక్షరాలు తడిమింది. పళ్ళూడిన ముసలమ్మల దగ్గర కూర్చుని, వాళ్ళు వాళ్ళ అమ్మల నోట విన్న కబుర్లు విన్నది. ఊరూరా చర్చిలకి ఫోన్లు చేసింది. చివరికి ఎక్కడో రైల్లో రెండు రోజుల దూరాన, రైల్వేలో రిటైరైన ఈ గార్డుగారు దొరికారు. ఇంటిపేరు అదే. భార్య పోయింది, పిల్లల్లేరు. “మీవాళ్ళు ఇక్కడున్నారు, రండి,” అని టీచరమ్మ ఫోన్లో అంది. “ఏ బండికి రమ్మంటారు?” అన్నారాయన.

వచ్చిన రోజునే పాస్టరుగారు ఆమెని పక్కకి పిలిచారు.

“ఏంటమ్మా, ఈయన మొహంలో దొర పోలిక ఒక్కటీ లేదు?”

“మూడు తరాలు దాటాక పోలికలేం మిగుల్తాయండీ? మీకు మీ ముత్తాత ముక్కొచ్చిందా?”

పాస్టరుగారు ముక్కు తడుముకున్నారు.

గార్డుగారు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి సమాధుల చుట్టూ గడ్డి పీకుతున్నారు. ఇప్పుడూ పెద్దకూతురి రాయి ముందు మోకాళ్ళమీద కూర్చుని, జేబురుమాలుతో మట్టి తుడిచారు.

“తాతకి అక్కంటే నాకేమవుతుంది?”

“నాయనమ్మ వరస.”

“ఏడేళ్ళ నాయనమ్మ,” అని నవ్వబోయారు. నవ్వు సగంలో ఆపి, తుడిచిన రాయినే మళ్ళీ తుడిచారు. టీచరమ్మ మొహం తిప్పుకుంది.

మర్నాడు ఇంజనీరు ఆఫీసులో గది కిటకిటలాడింది. ఆయన గార్డుగారి గుర్తింపు కార్డులో ఇంటిపేరు చూశాడు. పిల్లలెంతమంది, ఎవరెక్కడ పోయారు అని అడిగాడు. గార్డుగారు గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు. టీచరమ్మ పెదవులు కూడా ఆయనతోపాటే కదులుతున్నాయి.

“అన్నీ బానే ఉన్నాయి. మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా రాలేదేం?” అన్నాడు ఇంజనీరు.

ఇది టీచరమ్మ నేర్పని ప్రశ్న.

గార్డుగారు కార్డు వెనక్కి తీసుకున్నారు. “నాకంటూ మనుషులున్నారని ఎవరూ చెప్పలేదు సార్. చెప్పగానే వచ్చాను. వాళ్ళ జోలికి పోకండి.”

ఇంజనీరు కళ్ళజోడు తీసి, నక్షా ముందుకు లాక్కున్నాడు. పెన్సిల్ గీత చెరిపి, చర్చికి అవతలగా కొత్తది గీశాడు.

ఆ సాయంత్రం గార్డుగారిని భోజనానికి ఎవరు పిలవాలన్నదానిమీద ఊళ్ళో చిన్నపాటి యుద్ధమే జరిగింది. చివరికి మూడిళ్ళలో తినాల్సివచ్చింది పాపం.

తిరుగు ప్రయాణంనాడు స్టేషనుకి టీచరమ్మ ఒక్కతే వచ్చింది. బండి కనుచూపుమేరలో కనిపించేసరికి గార్డుగారు పెట్టె కిందపెట్టేశారు.

“టీచరమ్మా, ఈ మాట చెప్పకుండా బండెక్కలేను. నేను ఉప్పుదొర మనిషిని కాను. అనాథాశ్రమంలో పెరిగాను. ఆ ఇంటిపేరు అక్కడి వార్డెను తగిలించింది. మీరు ఫోన్లో ‘మీవాళ్ళు’ అన్నారు చూడండి... ఆ మాట నన్నెవరూ అనలేదమ్మా. కాదనడానికి నోరు రాలేదు. మీ నమ్మకాన్ని మోసం చేశాను.”

బండి వచ్చి ఆగింది. టీచరమ్మ ఆయన పెట్టె అందుకుని బండిలోకి ఎక్కించింది. కళ్ళొత్తుకుని, మెల్లిగా అంది.

“అసలు మునిమనవడు రానన్నాకే మీకు ఫోన్ చేశాను.”