పల్లీల పొట్లంలో 45333

“ఈ రాత ఎవరిది?”

ఎస్సై మల్లేశ్వర్ నలిగిన పల్లీల పొట్లం కాగితాన్ని బల్ల మీద పరిచి గట్టిగా చరిచాడు. బైబిలు సంచీలో పెట్టుకుని తన ఇంటి గడప దాటబోతున్న జ్ఞానదాసు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ప్రతి గురువారం ఆరున్నరకల్లా పక్క ఊరు పాల్మాకులలో ప్రార్థన కూటానికి వెళ్లిపోయేవాడు. ఈరోజు పావుగంట ఆలస్యమైంది, దొరికిపోయాడు.

కాగితం నిండా ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలు. ఒక తారీఖు, పక్కన 13.30, ఆ పక్కన 45333, చివర ఎవరో విదేశీయుల పేర్లు. ప్రతి వరసా అంతే.

“పల్లీలు తింటుంటే కండ్ల పడ్డది. గోపయ్య దుకాణంల గట్టిగ అడిగితే మిగిలిన నోటుబుక్కు తీసి చేతిల పెట్టిండు. పాత పేపర్లల్ల కలిపి నువ్వే అమ్మినవట?”

అమ్మింది నిజమే. మొన్న ఇల్లు సర్దుతూ, రేడియో వెనక దొరికిన పుస్తకాన్ని విప్పి చూడకుండానే చిత్తుకాగితాల్లో పడేశాడు. రేడియో కొడుకు బ్లెసన్‌ది. అయితే పుస్తకమూ వాడిదే అయ్యుండాలి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

“అన్నీ ఈ తొంభై నాలుగో సంవత్సరం బేస్తవారాలే, ఇయ్యాల్టి లెక్క. మధ్యాన్నం ఒకటిన్నరకు ఏం జరుగుతది? నలభై అయిదు మందా? మూడువందల ముప్పై మూడు తూటాలా?”

“నాకు తెల్వది సార్.”

“సార్, ఆ బుక్కు...” వంటింటి గుమ్మంలోంచి భార్య వరమ్మ ఏదో అనబోయింది.

“నువ్వు లోపల్కి పో!” అని కసిరాడు జ్ఞానదాసు. ఆడవాళ్లు నోరు జారితే కొంప మునుగుతుందని అతని భయం. అసలే రెండు రోజులుగా ఆమె మంచం కింద, బియ్యం డబ్బా వెనక ఏదో వెతుకుతూ చిరాగ్గా ఉంది.

“నీ కొడుకు యాడున్నడు?”

“కాటేదాన్ ఫ్యాక్టరీకి పోయిండు సార్. ఏడుంబావు బస్సుకు దిగుతడు.”

“అయితే బస్టాండ్లనే జీపెక్కిచ్చుకుంటం.”

ఆ రోజుల్లో నక్సలైటని ఎంక్వైరీకి తీసుకుపోయిన మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేకపోయేవారు. బ్లెసన్‌కి ఇరవై రెండేళ్లు.

“నాది సార్! ఆ రాత నాదే!” అన్నాడు జ్ఞానదాసు.

“గట్లనా? 45333 అంటే ఏంది?”

సంఘ పెద్దగా గంటల తరబడి ప్రసంగాలు చేసే జ్ఞానదాసు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బైబిలు చంకల పెట్టుకొని అబద్ధం. సిగ్గు లేదా పెద్దమనిషీ?” ఎస్సై లేచాడు.

“సార్, మీకు దండం పెడ్త.” వరమ్మ ఈసారి గుమ్మం దాటి అడ్డంగా వచ్చి నిలబడింది. “జర ఒక్కసారి రేడియో పెట్టి చూడుండ్రి. గది పాటల లెక్క, ఆ పేర్లు పాటగాళ్లవి. ఇప్పుడే వస్తది.”

“ఆ సైతాను డప్పులు ఇప్పుడెందుకే?” అన్నాడు జ్ఞానదాసు.

ఎస్సై గడియారం చూసుకున్నాడు. “పది నిమిషాలిస్త. పెట్టు.”

పెట్టడానికి రేడియోకు ఏరియల్ తీగ ఏది? ఇంటిమీద కట్టిన రాగితీగను పొద్దున జ్ఞానదాసే పీకేసి పెరట్లో దండెం కట్టాడు. వరమ్మ పరుగున వెళ్లి తడి బట్టలన్నీ మట్టిలో పడేసి దండెం ఊడదీసింది. మిరపకాయల చాటలో పొద్దంతా ఎండబెట్టిన నాలుగు సెల్లులు తెచ్చి వేసింది. కొడుకు పెడుతుంటే చూసి నేర్చుకున్నట్టుంది అనుకున్నాడు జ్ఞానదాసు.

ముల్లు తిప్పింది. గుర్రుమంది. ఇంకాస్త తిప్పింది. ఈలలు, ఎవరివో అర్థంకాని మాటలు, మళ్లీ గుర్రు. బయట జీపు హారన్ మోగింది.

“ఇగ చాలు.”

“ఒక్క నిమిషం సార్!” జ్ఞానదాసు తనకు తెలియకుండానే ఎస్సై చేయి పట్టుకున్నాడు. ఏ పాటలు ఇంట్లో వినపడకూడదని రోజూ పోట్లాడేవాడో, ఆ పాటలే రావాలని ప్రభువును వేడుకున్నాడు.

గుర్రులోంచి బాకా ఒకటి లేచింది. దాని వెనకే డ్రమ్ములు, రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు. ఇంత తియ్యగా ఉంటుందా ఇది! అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఎస్సై కూడా మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

పాట ఆగి, ఇంగ్లీషు గొంతు పలికింది. డిగ్రీ చదివిన ఎస్సై చెవి ఒగ్గి విని, జ్ఞానదాసుకు చెప్పాడు. “ప్రపంచ టైము పదమూడు గంటల ముప్పై నిమిషాలంటున్నడు.” గడియారం చూసుకున్నాడు. సరిగ్గా ఏడు. “ఓహో, మన ఏడు వాళ్ల లెక్కల పదమూడున్నరనా! మరి 45333?”

“ష్!” అంది వరమ్మ. “కొత్త రికార్డు పెడ్తరు.”

ఎస్సైని పట్టుకుని ‘ష్’ అన్న భార్యను జ్ఞానదాసు కొంగు పట్టి వెనక్కి లాగాడు. ఎస్సై మాత్రం నోటుబుక్కు తెరిచి, రేడియో మాటల్ని ఒక్కొక్కటే తెలుగు చేస్తున్నాడు.

“ఈ నెలనే వచ్చిన కొత్త రికార్డట... మా రేడియో ఎట్ల వినబడుతుందో అయిదంకెల మార్కులేసి... నాలుగు, అయిదు, మూడు, మూడు, మూడు... వారం వారం ఉత్తరం రాసే మా శ్రోత కోసమట...”

ఆ తర్వాతి ముక్కకు తర్జుమా అక్కర్లేకపోయింది.

“మిసెస్ వరమ్మ జ్ఞానదాస్... శంషాబాద్, ఇండియా!”