ఖాళీ రోడ్డు మీద డెబ్బై రెండు

“మళ్లీ పడింది సార్, డెబ్బై రెండు!”

హెడ్ కానిస్టేబుల్ చెంగల్రాయుడు రాడార్ పెట్టె దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్ బాలసుబ్రమణ్యం వంగి పెట్టె వెనక వెలుగుతున్న ఎర్ర అంకెల్ని చూశాడు. తలెత్తి పూతలపట్టు మలుపు చూశాడు. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు. టైము నాలుగుంబావు.

అది 1986 వేసవి. బండ్ల వేగం కనిపెట్టే ఆ పెట్టె అక్కడివాళ్లకు కొత్త. పరీక్షించి చూడమని నెల రోజులకు ఇచ్చారు. పొద్దంతా బుద్ధిగానే పనిచేస్తుంది. నాలుగుంబావు అయిందంటే మాత్రం ఖాళీ రోడ్డు మీద డెబ్బై రెండు చూపిస్తుంది. పదకొండు రోజులుగా ఇదే వరస.

మెకానిక్ మిషన్‌ను సరిచూసే రెండు కొమ్ముల ఇనుప కడ్డీని బూటు మడమకు కొట్టి, మోగుతుండగా పెట్టె ముందు పట్టాడు. ఎంత పడాలో అంతే పడింది.

“మిషన్‌లో తప్పు లేదప్పా. నిలబడినదాన్ని ఇది చూడదు. కదిలేదాన్నే చూస్తుంది.”

“ఎప్పుడో కదిలిపోయినదాన్ని గూడా చూస్తాదా సార్?”

మెకానిక్ నవ్వాడు. చెంగల్రాయుడు నవ్వలేదు.

పక్కనే పందిరి కింద మజ్జిగ అమ్మే జ్ఞానాంబ లోటా తెచ్చి అతని చేతిలో పెట్టింది. “అది ఆ లారీదే అన్నా. టైము గూడా అదే గదా” అంది మెల్లగా.

ఎనిమిదేళ్ల కిందట ఇదే మలుపులో, ఇదే వేళకు, ఆమె మొగుడు గురప్ప ఐరాల నుంచి సైకిలు మీద బెల్లం తెస్తుంటే లారీ గుద్ది ఆగకుండా పోయిందంటారు. చూసినవాడు చెంగల్రాయుడు ఒక్కడే. అప్పట్లో అతను స్టేషన్ జీపు డ్రైవరు. లారీని తరమలేదు, గురప్పను జీపులో వేసుకుని చిత్తూరు ఆస్పత్రికి పరిగెత్తించాడు. ప్రాణం దారిలోనే పోయింది. సొంతవాళ్లు చేయనిది చేశాడని జ్ఞానాంబ అతన్ని అన్నా అంటుంది. మజ్జిగకు డబ్బులిస్తే తీసుకోదు. వంకరపోయిన గురప్ప సైకిలు మాత్రం పందిరి గుంజకు ఆనించే ఉంది. ఎవడు చంపాడో తెలిసేదాకా దాన్ని కదిలించనని ఆమె పంతం.

మర్నాడు నాలుగుంబావుకు అంకె పడింది. అదే క్షణాన మలుపులో ఒక లారీ కనపడింది.

“అదే! అదే అన్నా!” జ్ఞానాంబ రోడ్డుకు అడ్డం పడింది. లారీ ఆమెకు మూరెడు దూరంలో కీచుమంటూ ఆగింది.

డ్రైవరు మునిరత్నానికి యాభై ఏళ్లుంటాయి. గబగబా దిగాడు. ఇంతలో ఎస్సై జయరావు వచ్చి, ఎనిమిదేళ్ల కిందట ఈ రోడ్డున తోలేవాడివా అని మునిరత్నాన్ని నిలదీశాడు.

“ఇరవై ఏండ్లుగా ఇదే రోడ్డు సార్. కానీ ఈ ముసిలి బండి యాభై దాటదు.”

“మరి మిషను అబద్ధం చెప్తాదా?”

“అదంతా నాకొద్దు” అంది జ్ఞానాంబ. “కాణిపాకం పదా. నేను కాదని సామి ముందర ప్రమాణం సెయ్యి. సేస్తే నీ కాళ్లు మొక్కి పంపిస్తా.”

ఆ చుట్టుపక్కల దానికి మించిన కోర్టు లేదు. బోనులో గడగడా బొంకే మనిషి కూడా కాణిపాకం వినాయకుడి ముందు నోరు తెరవడానికి జంకుతాడు. జయరావు కూడా సరేనన్నాడు.

“డ్రైవరు లీవులో ఉండాడు. చెంగల్రాయుడూ, నువ్వు జీపు తియ్యి.”

“కండ్లు ఆనవు సార్.”

ఫర్లాంగు దూరాన్నుంచి లారీ నంబరు చదివే కళ్లవి. జయరావు విసుక్కుని తానే నడిపాడు.

కాణిపాకంలో అందరూ లోపలికి వెళ్తుంటే చెంగల్రాయుడు వాకిట్లోనే ఆగిపోయాడు. “సెప్పులు, బూట్లు నేను సూసుకుంటాలే సార్” అన్నాడు.

మునిరత్నం ప్రమాణం చేసేవాళ్ల ఆనవాయితీ ప్రకారం తలమీద నీళ్లు పోసుకుని తడిబట్టలతో సన్నిధిలో నిలబడ్డాడు. అంత ఎండాకాలంలోనూ పళ్లు టకటకలాడుతున్నాయి.

“సెప్పు” అంది జ్ఞానాంబ.

“అమ్మా, అప్పట్లో రాత్రీ పగలూ తోలేవాణ్ణి. తోలతా తోలతానే కండ్లు మూతలు పడేటివి. ఏదన్నా తగిలినట్టుంటే గుంతేమో అనుకొని పోయేవాణ్ణి. నేను కాదని ఎట్ల సెప్పేది?” అతనికి ఏడుపొచ్చింది. “ప్రమాణం సెయ్యలేనమ్మా. నేనే అయ్యుంటా.”

జ్ఞానాంబ ఉన్నచోటే కూలబడింది. ఎనిమిదేళ్లు ఈ మాట కోసమే బతికింది. ఇప్పుడా మనిషి మీద కోపం రావడం లేదు. దుఃఖం ఒక్కటే వచ్చింది.

“పదా స్టేషన్‌కి” అని జయరావు మునిరత్నం రెట్ట పట్టుకున్నాడు.

“ఇంటికాడ పిల్లలకు సెప్పి వస్తా సార్.”

“ఆడికి మేం కబురు పంపిస్తాంలే.”

వెనక తడి పాదాల చప్పుడైంది. చెంగల్రాయుడు లోపలికి వస్తున్నాడు. కాళ్లకు బూట్లు లేవు. తలమీంచి కారే నీళ్లతో ఖాకీ బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. మునిరత్నం చేతిని ఎస్సై పట్టులోంచి విడిపించి, అతను నిలబడిన చోట తాను నిలబడ్డాడు.

“నువ్వెందుకన్నా తడిసినావు?” అంది జ్ఞానాంబ అర్థంగాక.

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. దేవుడి వైపే చూస్తూ చేతులు జోడించాడు.

“ఆ పొద్దు రోడ్డు మీద నా జీపు తప్ప ఏ బండీ లేదు సెల్లెమ్మా.”